నాపరాయి మీద చెట్టు

ప్రశ్న: మాది నంద్యాల జిల్లాలో బేతంచెర్ల దగ్గర పల్లె. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. నాన్న నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. నాకు జియాలజీ చదవాలని ఉంది. మామయ్య మాత్రం "రాళ్లు చదివి రాళ్లే తింటావా? ఏదైనా ప్రైవేటు కళాశాలలో కంప్యూటర్ సైన్సు సీటు తీసుకో" అంటున్నారు. ఆ ఫీజు కట్టాలంటే మేం అప్పు చేయాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జియాలజీ చదివితే ఉద్యోగం వస్తుందా? ఆడపిల్లలను కొండలకు, గనులకు పంపుతారా? లెక్కల్లో నేను మధ్యరకం, సరిపోతుందా? ఇంకొక్కటి. మా ఇంటి వసారాలో పరచిన ఒక బండ మీద నల్లటి చెట్టు కొమ్మల్లాంటి గుర్తు ఉంది. అది పాతకాలపు మొక్క శిలాజమని నా నమ్మకం. నిజమేనా? నా పేరు వేయవద్దు.

సమాధానం:

అమ్మా, నీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో జియాలజీ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. ఉత్తరంలో ఉద్యోగం గురించి ఎంత రాసినా నా కళ్లు నేరుగా ఆ వసారా బండ మీదికే పోయాయి.

అది మొక్క కాదు. దాన్ని డెండ్రైట్ అంటారు. రాతిలోని సన్నటి నెర్రెలోకి మాంగనీసు కలిసిన నీరు ఇంకుతుంది. అక్కడ మాంగనీసు ఆక్సైడు నల్లగా పేరుకుంటూ, కొమ్మకు కొమ్మ చీలుతూ పాకుతుంది. అద్దుడు కాగితం మీద సిరా పాకడం చూసి ఉంటావు, దాదాపు అలాంటిదే. నువ్వొక్కదానివే పొరబడలేదు. నాచుకూ ఫెర్ను మొక్కకూ అచ్చుగుద్దినట్టు ఉండే ఆ గుర్తులను మా మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రతి ఏడూ శిలాజాలని పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టేవారు.

అయితే నేను చెప్పానని నమ్మవద్దు, నువ్వే తేల్చుకో. భూతద్దం ఉంటే ఆ కొమ్మలను దగ్గరగా చూడు. ఆకుకు ఉండే ఈనె కనిపించదు, కాండం లావుగా మొదలై సన్నబడడమూ కనిపించదు. రంగు పూత తప్ప మందం ఉండదు. తరువాత ఆ కొమ్మలు ఎక్కడి నుంచి బయలుదేరాయో వెతుకు. చాలాసార్లు అవి ఒక పగులు గీత దగ్గర మొదలై అక్కడి నుంచి లోపలికి పాకి ఉంటాయి. మొక్కకైతే పగులుతో పని ఏముంది? ఇక అసలు సాక్ష్యం రాతి వయసు. మీ నాపరాయి నార్జి సున్నపురాయి అనే పొరకు చెందినది. దాని వయసు కచ్చితంగా ఎంత అన్నదానిపై వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది కానీ, మొక్కలు నేల మీదికి రావడానికి ముందుదే అన్నదానిలో వాదన లేదు. మొక్కలు నేలకెక్కింది సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట. నీ వసారా బండ సముద్రపు అడుగున బురదగా పేరుకుంటున్న రోజుల్లో ఈ భూమి మీద గడ్డిపరక కూడా లేదు.

ఇప్పుడు చెప్పు, నిరాశ కలిగిందా, ఇంకా తెలుసుకోవాలనిపించిందా? నిరాశే కలిగితే మామయ్యగారి మాట వినడమే మేలు. ఈ విద్యలో మనం అనుకున్నది అబద్ధమని తేలే రోజులే ఎక్కువ. కొండను తవ్వి ఎలుకను పట్టారని లోకం ఎగతాళి చేస్తుంది కానీ, ఖనిజాన్వేషణలో పనిచేసినవాణ్ని అడిగితే ఎలుక దొరకడమే పండగంటాడు.

నువ్వు పుట్టిన చోటు గురించి కొంచెం చెప్పనివ్వు. పొరలకు మావాళ్లు అవి బాగా కనిపించే ఊళ్ల పేర్లు పెడతారు. మీ వైపు పొరలను కింది నుంచి పైకి వరసగా చదువుతాను: బనగానపల్లె క్వార్ట్‌జైటు, నార్జి సున్నపురాయి, అవుకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైటు, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు. ఆర్టీసీ బస్సు బోర్డు చదివినట్టు లేదూ! క్వార్ట్‌జైటు అంటే బాగా గట్టిపడిన ఇసుకరాయి, షేలు అంటే గట్టిపడిన బురద పొర. బనగానపల్లె అంటే లోకానికంతా మామిడిపండు, మాకు మాత్రం వజ్రాలు దొరికిన గులకరాళ్ల పొర. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో జనం తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతారు కూడా. వీటి కింద ఇంకా పాతవైన కడప పొరలున్నాయి: గుల్చెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి. వేంపల్లె డోలమైటులో దొంతర్లు దొంతర్లుగా, కోసిన క్యాబేజీలా కనిపించే గుర్తులు ఉంటాయి. అవి నిజమైన శిలాజాలు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు సముద్రపు ఒడ్డున చాపలా పరుచుకుని, ఇసుకను, సున్నాన్ని పట్టి నిలిపి కట్టిన గుట్టలు. దాదాపు 190 కోట్ల ఏళ్ల నాటివి. నీకు శిలాజమే కావాలంటే చూడవలసింది అక్కడ.

ఈ ప్రాంతాన్ని మొదట పద్ధతిగా పటం గీసి, 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద నివేదిక వెలువరించినవాడు దేశపు రాళ్లను, ఖనిజాలను పటం గీసే ప్రభుత్వ సంస్థ జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించిందీ ఆయనే. సింగరేణి కథ అక్కడ మొదలైంది. రోడ్లు, వాహనాలు లేని రోజుల్లో గుర్రం మీద, కాలినడకన తిరిగి గీసిన ఆ పటంలోని చాలా గీతలు ఈనాటికీ పెద్దగా చెరగలేదు. విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి, పక్క రాష్ట్రాల నుంచి విద్యార్థులు బస్సుల్లో వచ్చి మీ ఊరి చుట్టుపక్కల రాళ్లు కొట్టుకుని పోతుంటారు. ఆ పాఠం నీ గుమ్మం ముందే ఉంది.

ఇక మామయ్యగారి మాట. ఆయన నీ చెడు కోరి అనలేదు. కూటికి దారి చూపని చదువు పేదింటి పిల్లకు భారమే. కాబట్టి లెక్క సూటిగా చెబుతాను. బీఎస్సీతో ఆగిపోయేట్టయితే జియాలజీ వద్దు. ఆ పట్టాకు బయట విలువ తక్కువ. మంచి కొలువులన్నీ దాదాపుగా ఎమ్మెస్సీ అడుగుతాయి. అంటే డిగ్రీ, పీజీ, ఆపైన పోటీపరీక్షకు సిద్ధపడే ఒకటి రెండేళ్లు కలిపి ఆరేడేళ్ల ప్రయాణం. ఇంట్లో అంతకాలం ఆగగలరా అన్నది ముందు నాన్నగారితో కూర్చుని మాట్లాడు. ఆగగలిగితే, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఈ ఆరేడేళ్ల ఖర్చు, ప్రైవేటు ఇంజినీరింగ్ కోసం చేయబోయే అప్పు, రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి మామయ్యగారికి చూపించు. నేను వాదించేకంటే ఆ కాగితమే బాగా వాదిస్తుంది.

ఇందులో ఒక గోతి ఉంది, చాలామంది పడతారు. "ముందు ఏదో ఒక బీఎస్సీ చేసి, తరువాత ఎమ్మెస్సీ జియాలజీలో చేరతాను" అనుకుంటారు. చాలా విశ్వవిద్యాలయాల్లో బీఎస్సీలో జియాలజీ ఒక సబ్జెక్టుగా చదివి ఉండకపోతే ఎమ్మెస్సీ జియాలజీలోకి రానివ్వరు. మన రెండు రాష్ట్రాల్లో డిగ్రీ స్థాయిలో జియాలజీ చెప్పే కళాశాలలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి ఇంటర్ ఫలితాలు రాగానే మొదట వెతకవలసింది ఈ కళాశాలల కోసమే. హాస్టల్లో ఉండవలసి వచ్చినా వెనుకాడవద్దు. ఒకవేళ అది కుదరక గణితం, భౌతికశాస్త్రంతో డిగ్రీ చేస్తే, భూమి లోపలి సంగతులను భౌతికశాస్త్రంతో తేల్చే జియోఫిజిక్స్ తలుపు తెరిచే ఉంటుంది. దానికి కావలసింది ఆ రెండే.

ఎంపీసీ కాబట్టి జేఈఈ దారి కూడా ఉంది. ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటీల్లో ఇంటర్ తరువాతే భూవిజ్ఞాన కోర్సులున్నాయి. ర్యాంకు అంత రాకపోతే దిగులు పడనక్కరలేదు. జియాలజీతో బీఎస్సీ చేసి 'జామ్' పరీక్ష రాస్తే అవే ఐఐటీల్లో ఎమ్మెస్సీకి చేరవచ్చు. చిన్న ఊరి ప్రభుత్వ డిగ్రీ కళాశాల నుంచి అలా ఖరగ్‌పూర్ దాకా వెళ్లిన పిల్లలను నేను చూశాను. ర్యాంకుల కోచింగు రద్దీ ఈ సబ్జెక్టు మీద ఇంకా అంతగా పడకపోవడమే ఇక్కడున్న వెసులుబాటు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అంటే మన వైపు ప్రధానంగా ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర. మీకు దగ్గరలో కడపలో యోగి వేమన ఉంది. కొత్తగూడెంలోని ఇంజినీరింగ్ కళాశాలను భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మార్చి డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరు పెట్టాలని 2025లో తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. అది ఒకప్పటి గనుల పాఠశాల. కొత్తది కుదురుకోవడానికి సమయం పడుతుంది, దాని మీద ఇప్పుడే నా తీర్పు ఏమీ లేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం మీద నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. అక్కడి జియాలజీ విభాగానికి ప్రాణం పోసినది సి. మహదేవన్. ఆయన సర్ సి.వి. రామన్ దగ్గర పనిచేసిన భౌతికశాస్త్రవేత్త, తరువాత హైదరాబాదు సంస్థానపు జియలాజికల్ సర్వేలో తిరిగి రాళ్లను నేర్చుకున్నారు. భౌతికశాస్త్రం నుంచి వచ్చినవాడు కాబట్టి రాయికి సరిహద్దు ఒడ్డునే అనుకోలేదు. 1950లలో అమెరికా సముద్రశాస్త్రవేత్త లఫాండ్ విశాఖకు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి బంగాళాఖాతపు అడుగును కొలిపించారు. తీరానికి ఎదురుగా సముద్రం కింద లోయలు బయటపడ్డాయి. వాటిలో ఒకదానికి ఆంధ్ర అని, ఇంకొకదానికి మహదేవన్ అని పేర్లు పెట్టారు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ విభాగం పేరు సముద్రగర్భంలో ఉండడం చిన్న సంగతి కాదు. విశాఖలో చదివితే కైలాసగిరి మీద కాలు పెట్టినప్పుడల్లా ఖోండలైటు అనే రాయి మీద పెట్టినట్టే. ఖోండు గిరిజనుల పేరు మీదుగా వాకర్ అనే ఆయన 1902లో దానికా పేరు పెట్టాడు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఎలాగూ ఉన్నాయి.

తిరుపతిలో చదివితే ఇంకో భాగ్యం. తిరుమల ఘాట్ రోడ్డులో ఒకచోట కింద పాత గ్రానైటు, దాని మీద కడప క్వార్ట్‌జైటు ఆనుకుని కనిపిస్తాయి. ఆ రెంటి మధ్యనున్న గీత దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ. అంతకాలపు చరిత్ర పుటలు అక్కడ చిరిగిపోయాయి. రోజూ వేలమంది గోవిందా అంటూ ఆ గీత పక్కగానే వెళ్తారు. నేనూ మొదటి రెండు మూడు మొక్కులు తెలియకే తీర్చుకున్నాను.

పేరు ప్రతిష్ఠలు చూసి మాత్రం చేరవద్దు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పాత వైభవం గోడల మీది ఫొటోల్లో ఉండిపోయి, కింద బెంచీలు ఖాళీగా ఉండడం కూడా నేను చూశాను. ఒకసారి పరీక్షకుడిగా ఒక విభాగానికి వెళ్లాను, పేరు అనవసరం. పది మంచి మైక్రోస్కోపులు బీరువాలో పెట్టి తాళం వేసి ఉన్నాయి. తాళంచెవి ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నాడు. పిల్లలు మైక్రోస్కోపు కింద ఖనిజాన్ని చూడకుండానే, పుస్తకంలోని రంగుల బొమ్మను బట్టీపట్టి దాని గుణాలు గడగడా ఒప్పగించారు. ఆ రోజు మార్కులు వేయడానికి నా చేయి ఎంత బరువెక్కిందో చెప్పలేను.

అందుకే చేరేముందు ఒక రోజు ఆ విభాగానికి వెళ్లు. ఆచార్యులను కలవకపోయినా ఫరవాలేదు, చివరి సంవత్సరం విద్యార్థులను కలువు. కిందటి ఏడు ఎన్ని రోజులు క్షేత్రానికి తీసుకెళ్లారని అడుగు. రెండు వారాల పైన చెబితే మంచి విభాగం. "ఒక రోజు బొర్రా గుహలు చూపించారు" అంటే అది విహారయాత్ర. తరువాత, రాతి సెక్షన్లు కోసేది ఎవరని అడుగు. మైక్రోస్కోపు కింద చూడాలంటే రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి, అంటే వెలుగు దాని గుండా దూరిపోయేంత పలచగా అరగదీయాలి. ఆ పని చేసే చేతులు దొరకడం కష్టం. ఒకాయన పదవీ విరమణ చేస్తే ఆ పోస్టు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ఆ గదిలో యంత్రం తిరుగుతూ, నేల మీద రాతిబురద తడితడిగా కనిపించిందంటే ఆ విభాగం బతికి ఉన్నట్టు. ఖాళీ పోస్టులు ఎన్ని, అతిథి అధ్యాపకులు ఎందరు అని కూడా అడగవచ్చు. ఆ జవాబు ఎక్కడికి వెళ్లినా నిన్ను కొంత బాధపెడుతుంది. అతిథి అధ్యాపకుల్లో కొందరు అద్భుతంగా చెబుతారు, జీతం మాత్రం సకాలంలో రాదు.

ఒక్కసారి ఆ సెక్షన్‌ను మైక్రోస్కోపు కింద పెట్టి చూసినవాళ్లు మళ్లీ రాయిని రాయిగా చూడరు. బయట బూడిదరంగుగా కనిపించిన బండలో ఒక ఖనిజం నలుపు తెలుపు చారలతో, ఇంకొకటి నెమలిపింఛం రంగులతో వెలుగుతుంది. మైక్రోస్కోపులో సెక్షన్ పెట్టిన పళ్లెం తిప్పితే రంగులు ఆరి, మళ్లీ వెలుగుతాయి. ఒంగోలు దగ్గర చీమకుర్తి నుంచి ప్రపంచమంతా కొనుక్కుపోయే బ్లాక్ గెలాక్సీ గ్రానైటు ఉంది చూడు, దాని సెక్షన్ చూస్తే తెలుస్తుంది, అది గ్రానైటే కాదని. గాబ్రో జాతి రాయి. వ్యాపారికి మెరిసేదంతా గ్రానైటే. మీ నాన్నగారి ఫ్యాక్టరీలో ఎవరైనా నాపరాయిని మార్బుల్ అంటే నువ్వు నవ్వుకోవచ్చు.

ఆడపిల్లల సంగతి. పంపుతారు. సర్వేలోనూ, విశ్వవిద్యాలయాల్లోనూ స్త్రీలు దశాబ్దాలుగా సుత్తెలు పట్టుకుని తిరుగుతున్నారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు సుదీప్త సేన్‌గుప్తా, అదీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమే, 1983లో బయలుదేరిన యాత్రలో అదితి పంత్‌తో కలిసి అంటార్కిటికా వెళ్లారు. అక్కడికి వెళ్లిన మొదటి భారతీయ మహిళా శాస్త్రవేత్తలు వాళ్లే. కొండలెక్కడం ఆమె టెన్సింగ్ నార్గే దగ్గర నేర్చుకున్నారు. భూగర్భ గనుల్లో మాత్రం స్త్రీలు పనిచేయరాదని 1952 నాటి గనుల చట్టం చాలాకాలం అడ్డుపెట్టింది. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు మినహాయింపు ఇచ్చి ఆ తలుపు తీసింది.

చట్టం తలుపు తీసినంత మాత్రాన దారి సాఫీ కాదు. క్షేత్రంలో ఆడపిల్లల అసలు కష్టం కొండ ఎక్కడం కాదు, మరుగుదొడ్డి లేకపోవడం. మగపిల్లలు చెట్టు చాటుకు వెళ్తారు. ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేసి, మధ్యాహ్నానికి ఎండకు సొమ్మసిల్లుతారు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్లలో నాకిది తట్టనే లేదు. ఒక యాత్రలో ఒక అమ్మాయి పడిపోతే వడదెబ్బ అనుకున్నాను. సాయంత్రం ఆమె స్నేహితురాలు మొహమాటంగా అసలు సంగతి చెప్పినప్పుడు సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ తరువాత ప్రతి యాత్రకు ముందు దారిలోని బడులు, పెట్రోలు బంకులు, పంచాయతీ కార్యాలయాలు ఎక్కడున్నాయో రాసుకుని, వాటిని బట్టి మజిలీలు మార్చుకున్నాం. నువ్వు చేరే విభాగంలో అధ్యాపకులకు ఇది తట్టకపోతే మొదటి రోజే అడుగు. గట్టిగానే అడుగు. అధ్యాపకురాలు ఎవరైనా వెంట వస్తారా, రాత్రి బస ఎక్కడ అన్నవి కూడా అడగవలసిన ప్రశ్నలే. అలా అడిగినందుకు ముఖం చిట్లించే విభాగం నీకు తగినది కాదు.

లెక్కల్లో మధ్యరకం అన్నావు. జియాలజీకి సరిపోతుంది. త్రికోణమితి, లాగరిథమ్‌లు, కొంచెం గణాంకాలు వస్తే చాలు. అంతకంటే ముఖ్యమైనది వస్తువును లోపలి నుంచి ఊహించగలగడం. వంటింట్లో ఉల్లిపాయను అడ్డంగా కోసే ముందు ఏ ఆకారాలు కనిపిస్తాయో కాగితం మీద గీయి. తరువాత ఏటవాలుగా కోసేముందు మళ్లీ గీయి. కోసి పోల్చుకో. మడత పడిన కొండను వాగు కోసుకుపోతే లోపలి పొరలు ఎలా కనిపిస్తాయో ఊహించడమూ అచ్చం ఇదే పని, ఉల్లిపాయకు బదులు కొండ అంతే. జియోఫిజిక్స్‌కు మాత్రం మధ్యరకం లెక్కలు చాలవు. అక్కడ కలనగణితం రోజూ కావాలి. రసాయనశాస్త్రాన్ని ఇప్పటినుంచే తేలికగా తీసుకోవద్దు. భౌతికశాస్త్రం అంటే భయపడి ఇటు వచ్చేవాళ్లంతా రసాయనశాస్త్రం దగ్గర బోర్లా పడతారు.

ఉద్యోగాల గురించి అడిగావు. మొదటి మెట్టు యూపీఎస్సీ జరిపే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష. 1851లో మొదలైన జియలాజికల్ సర్వేలోకీ, కేంద్ర భూగర్భ జల మండలిలోకీ దారి ఇదే. ఎమ్మెస్సీ ఉండాలి, వయసు 21 నుంచి 32 మధ్య. ప్రిలిమ్స్‌లో జనరల్ స్టడీస్‌కు 100 మార్కులయితే సబ్జెక్టుకు 300. మెయిన్స్‌లో రాతపరీక్ష మూడు పేపర్లు, ఒక్కోదానికి 200, ఆపైన ఇంటర్వ్యూ 200. గమనించావా, మొత్తం బరువు సబ్జెక్టు మీదే. తరగతిలో నిజంగా నేర్చుకున్నవాళ్లు కోచింగు లేకుండా గట్టెక్కగల పరీక్ష ఇది. పోస్టులు తక్కువే కాబట్టి ఇదొక్కటే నమ్ముకోవద్దు. గేట్‌లో జియాలజీ పేపరు రాస్తే పరిశోధనకు, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలకు దారి. అణు ఖనిజాల డైరెక్టరేట్, ఇనుప ఖనిజం తవ్వే ఎన్ఎండీసీ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, మూడింటి కేంద్ర కార్యాలయాలూ హైదరాబాదులోనే. సింగరేణి ఉంది, రాజమహేంద్రవరంలో ఓఎన్జీసీ ఉంది, రాష్ట్ర గనుల శాఖలున్నాయి. నంద్యాల, కడప జిల్లాల సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి నాణ్యత తేల్చే మనిషి కావాలి. జీతం మొదట్లో అంతంతమాత్రం, కానీ ఇంటికి దగ్గర.

నన్నడిగితే రాయలసీమ పిల్లకు భూగర్భ జలాల వైపు చూడమంటాను. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని, అది లేచిన చోట బోరు వేయమనే వాళ్లను నువ్వు చూసే ఉంటావు. పొలం అమ్మి నాలుగు బోర్లు వేసి నాలుగూ ఎండిపోయిన రైతులనూ చూసి ఉంటావు. గ్రానైటు నేలలో నీరు రాతి లోపల ఉండదు, రాతిలోని పగుళ్లలో ఉంటుంది. నేలలోకి విద్యుత్తు పంపి నిరోధాన్ని కొలిచి ఆ పగుళ్లు, మెత్తబడిన రాతిపొర ఎంత లోతున ఉన్నాయో అంచనా వేస్తారు. అదీ తప్పవచ్చు. కానీ ఎందుకు తప్పిందో చెప్పగలం, తరువాతి బోరుకు దాన్ని సరిదిద్దుకోగలం. కొబ్బరికాయ ఆ పని చేయదు. మీ సున్నపురాతి నేలలో వ్యవహారమే వేరు. నీరు రాతిని కరిగించుకుంటూ సొరంగాలు చేస్తుంది. బెలూం గుహలు అలా పుట్టినవే, 3,229 మీటర్ల పొడవున. మీ అమ్మగారికి తెలియకుండా నిమ్మచుక్క ఒకటి వసారా బండ మీద వేసి చూడు, మెరుపు పోతుంది. వానచినుకులోని పలుచటి ఆమ్లం లక్షల ఏళ్ల పాటు చేసిందీ అదే.

సొరంగాల మాట వచ్చింది కనుక ఇంకొకటి. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలి, నీరు, బురద ముంచెత్తి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఆ వార్తలు చదువుతున్న రోజుల్లో నాకు నిద్రపట్టలేదు. కొండ లోపల రాయి ఎక్కడ నలిగి ఉందో, నీళ్లు ఎక్కడ పొంచి ఉన్నాయో ముందుగా చెప్పవలసిన పని భూవిజ్ఞానిది. అతని మాటను లెక్కలోకి తీసుకోవడం ఇంజినీర్ల పని. ఆ రెండింటిలో ఏది లోపించినా లోపల ఉండేది కూలీలే. ఈ విద్య ఎందుకని మామయ్యగారు మళ్లీ అడిగితే, జీతం సంగతి తరువాత, ముందు ఈ సంగతి చెప్పు.

ఇంత చెప్పాను కాబట్టి చేదు మాటలు కూడా చెప్పాలి. ఈ ఉద్యోగాల్లో ఏడాదిలో చాలా నెలలు ఇల్లు ఉండదు. ఎండ, జోరీగలు, పాములు, కారం ఎక్కువైన హోటలు కూడు. నీ నివేదిక ఆధారంగా ఒక కొండను తవ్వేసినప్పుడు ఆ కొండ కింది పల్లెవాళ్లు నిన్ను చూసే చూపు ఒకటి ఉంటుంది. దానికి సిద్ధపడకుండా గనుల వైపు వెళ్లవద్దు. దూరపు కొండలు నునుపు అన్న సామెత కట్టినవాడెవడో మా శాఖవాడే అయి ఉండాలి.

సెలవుల్లో చేయదగిన పని చెబుతాను. జియలాజికల్ సర్వే వాళ్ల 'భూకోశ్' అనే పోర్టల్‌లో భూవిజ్ఞాన పటాలు ఉచితంగా చూడవచ్చు. మీ మండలం తెరిచి మీ ఊరు ఏ రంగులో ఉందో చూడు. ఆ రంగు మారే గీత ఎక్కడ ఉందో అక్కడికి, తోడుగా ఎవరినైనా తీసుకుని, నడిచి వెళ్లు. మట్టి రంగు మారుతుందా, పంట మారుతుందా, బావుల లోతు మారుతుందా చూసి ఒక నోటుబుక్కులో రాసుకో. బొమ్మ వంకరగా వచ్చినా గీయి. ఆ గీత పటంలో ఉన్నచోట నేల మీద లేకపోతే మరీ సంతోషం, నీకు మొదటి పరిశోధన దొరికినట్టే.

నీకు అందరికంటే ముందు దొరికిన గురువు మీ నాన్నగారు. బండను చేత్తో తట్టి, చప్పుడును బట్టి లోపల నెర్రె ఉందో లేదో చెప్పేవాళ్లు ఆ ఫ్యాక్టరీలో ఉంటారు, బహుశా ఆయనే చెబుతారేమో. ఎమ్మెస్సీ చేసిన నాకు ఆ చెవి రాలేదు. నాపరాయి క్వారీలో ఏ లోతున పలుచటి బండలు వస్తాయి, ఏ లోతున మందమైనవి, మంచి బండకు ముందు ఏ రంగు పొర తగులుతుంది, ఆ పొరలను పనివాళ్లు ఏ పేర్లతో పిలుస్తారు, నీ చెట్టు గుర్తులు ఏ పొరలో ఎక్కువ? ఇవన్నీ ఆయనను అడిగి, ఆయన మాటల్లోనే రాసుకో. ఆ పేర్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు. రాసుకున్నాక నాకూ రాయి.